సీరియల్ కన్సోల్‌కి ఏది కొనాలి? నాలుగు యూఎస్‌బీ-టీటీఎల్ ముక్కల మీద సమీక్ష

కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బిగుసుకుపోయినప్పుడు దాన్ని తట్టి లేపాలంటే సీరియల్ తీగ మీద బ్రేక్ పంపాలి, అంటే ఒక అక్షరం పట్టే సమయం కంటే ఎక్కువసేపు తీగని కింది స్థాయిలో పట్టి ఉంచాలి. బోర్డు అక్షరాలు పంపి, తీసుకునే ఆ తీగకీ లాప్‌టాప్ యూఎస్‌బీకీ మధ్య వంతెన అయ్యే చిన్న అడాప్టరే ఈ యూఎస్‌బీ-టీటీఎల్ ముక్క. ఆ బ్రేక్‌ని శుభ్రంగా పంపలేని అడాప్టర్ ఎంత చవగ్గా దొరికినా దండగే. ఈ సమీక్షలో మార్కులు వేసింది ముందుగా దాన్ని చూసే. వేగం, సైజు, మెరిసే లైట్లు ఆ తర్వాతి సంగతి.

ఇది ఎవరికంటే, విజయనగరం జేఎన్‌టీయూ జీవీలోనో ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో రాస్‌బెర్రీ పై మీద సొంత డ్రైవర్ రాస్తున్నవాళ్లకి, పాత డెస్క్‌టాప్ మీద ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కించి లోపల కెలికేవాళ్లకి. కెర్నెల్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు డబ్బు దాచుకోవచ్చు. క్యూఈఎంయూలో (లాప్‌టాప్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్) సీరియల్ పోర్టు ఊరికే వస్తుంది, -ఎస్ అని చెబితే జీడీబీ అనే డీబగ్గర్ కోసం 1234 పోర్టు కూడా అదే తెరిచి పెడుతుంది, పొరపాటు చేసినా కాలిపోయేది ఏమీ లేదు. అసలు బోర్డు మీద మాత్రమే కనబడే బగ్ వెంట పడినప్పుడే ఈ ముక్కతో పని.

కొట్లో అడిగే మాట దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. విజయనగరం మూడులాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరైనా "సీరియల్ కేబుల్ కావాలి" అంటే తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్232 కేబుల్ చేతిలో పెట్టొచ్చు. అది వేరే జాతి. ఆ తీగ మీద ప్లస్, మైనస్ రెండు వైపులా 3 నుంచి 15 వోల్టుల వరకు ఊగుతుంది. దాన్ని బోర్డు మీది 3.3 వోల్టుల జీపీఐఓ పిన్నుకి తగిలిస్తే బోర్డు ఖర్చు మీద పడుతుంది. "యూఎస్‌బీ టు టీటీఎల్ మాడ్యూల్, 3.3 వోల్టులది" అని అడగండి, చిప్ పేరు కూడా చెప్పండి. పాత డెస్క్‌టాప్ వెనక ఉన్న తొమ్మిది పిన్నుల పోర్టుకి మాత్రం ఆ ఆర్‌ఎస్232 కేబులే కావాలి, పైగా 2, 3 పిన్నులు అటూ ఇటూ మారిన నల్ మోడెమ్ మధ్యలో పెట్టాలి. ఒకదాని చోట ఇంకొకటి నడవదు.

ఇక ముక్కల సంగతి.

అన్నిటికంటే చవక సీహెచ్340. లినక్స్‌లో సీహెచ్341 అనే డ్రైవర్, బీఎస్‌డీల్లో యూచ్‌కామ్ దీన్ని నడుపుతాయి. బూట్ లాగ్ చదవడానికి, చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులకి కోడు ఎక్కించడానికి ఏ లోటూ లేదు. చిక్కంతా బ్రేక్ దగ్గర. ఈ కుటుంబంలో కొన్ని చిప్‌లకి బ్రేక్ పంపే సదుపాయమే లేదు. లినక్స్ డ్రైవర్ అలాంటి చిప్‌ని గుర్తుపడితే బాడ్ రేటు (సెకనుకి పోయే బిట్ల వేగం) బాగా తగ్గించి ఒక సున్నా బైట్ పంపి బ్రేక్‌లా నటిస్తుంది. పాత కెర్నెల్‌లో ఆ నటన కూడా లేదు. కొనేటప్పుడు ఏ రకం వస్తుందో మాడ్యూల్ మొహం చూసి చెప్పలేం. ఇంకో తలనొప్పి ఉబుంటు 22.04లో ఉంది. గుచ్చగానే ముక్క పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 కనబడి, వెంటనే మాయమవుతుంది. తప్పు ముక్కది కాదు. చూపులేనివాళ్ల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే ప్యాకేజీ, 1ఏ86:7523 అన్న యూఎస్‌బీ గుర్తింపు చూసి తనదే అనుకుని లాగేసుకుంటుంది. బ్రెయిలీ పరికరం వాడనివాళ్లు ఆ ప్యాకేజీ తీసేస్తే సరి. వాడేవాళ్లు దాని యూడెవ్ నియమాల్లో (పరికరం గుచ్చగానే ఏం చెయ్యాలో చెప్పే ఫైల్) ఆ ఒక్క వరుస ముందు కామెంట్ గుర్తు పెట్టాలి.

పీఎల్2303 గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నకిలీలు ఎక్కువ, విండోస్ కొత్త డ్రైవర్ పాత చిప్‌లని ఒప్పుకోదు. లినక్స్‌లో, బీఎస్‌డీల్లో మాత్రం నడిచిపోతుంది. ఇంట్లో ఉంటే వాడుకోండి, కొత్తగా కొనకండి.

ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ ఖరీదైనది, అసలు సరుకైతే ఆ ఖరీదుకి తగ్గదే. బ్రేక్ పంపుతుంది, అవతలి నుంచి వచ్చిన బ్రేక్‌ని కూడా సరిగ్గా చెబుతుంది. 3 మెగాబాడ్ వరకు పోతుంది. ప్రతి చిప్‌కీ విడి సీరియల్ నంబర్ ఉంటుంది. ఒకే లాప్‌టాప్‌కి నాలుగైదు బోర్డులు తగిలించే ల్యాబ్‌లో ఈ నంబర్ విలువ తెలుస్తుంది: /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద ఏ బోర్డు ఏదో పేరుతోనే దొరుకుతుంది, ఏది ముందు గుచ్చామన్న దానితో పనిలేదు. సీహెచ్340లో మామూలుగా ఆ నంబరే ఉండదు. సీపీ2102 మాడ్యూళ్లలో అన్నిటికీ 0001 అనే ఉండటం మామూలు. ఆ రెండిటికీ బై-పాత్ వాడాలి, అంటే యూఎస్‌బీ హబ్‌లో ఏ రంధ్రం ఏ బోర్డుదో చీటీ అంటించుకోవాలి.

ఎఫ్‌టీడీఐ చిప్‌లో జనం గమనించని సంగతి లేటెన్సీ టైమర్. వచ్చిన బైట్లని చిప్ వెంటనే లాప్‌టాప్‌కి పంపదు. 64 బైట్ల యూఎస్‌బీ ప్యాకెట్ నిండాలి (అందులో 2 బైట్లు దాని సొంత స్థితి సమాచారం, సరుకు 62 బైట్లే), లేదా టైమర్ అయిపోవాలి. ఆ టైమర్ మొదట్లో 16 మిల్లీసెకన్లు. లాగ్ చదివేటప్పుడు తెలియదు. జీడీబీతో కెర్నెల్‌లో ఒక్కో అడుగు వేసేటప్పుడు తెలుస్తుంది. అక్కడ ప్రతి చిన్న ప్యాకెట్‌కీ బదులు రావాలి, ఒక్క అడుగుకి అలాంటివి బోలెడు. /సిస్/బస్/యూఎస్‌బీ-సీరియల్/డివైసెస్ కింద మన పోర్టు పేరున్న ఫోల్డర్‌లో లేటెన్సీ_టైమర్ అన్న ఫైల్‌లో 1 రాస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. మళ్లీ గుచ్చితే 16కే వస్తుంది, కాబట్టి యూడెవ్ నియమం రాసి పెట్టుకోవడం మేలు. నకిలీ ఎఫ్‌టీడీఐలు బజారు నిండా ఉన్నాయి. 2014లో వచ్చిన విండోస్ డ్రైవర్ ఒకటి నకిలీ చిప్‌ల గుర్తింపుని సున్నా చేసి పడుకోబెట్టేసింది. లినక్స్‌లోనే ఎప్పుడూ ఉండే ముక్కకి ఆ భయం లేదు, స్నేహితుడి విండోస్ లాప్‌టాప్‌కి తగిలించినప్పుడే ప్రమాదం.

మిగిలింది సీపీ2102. కెర్నెల్ పనికి ఒక్కటే కొనాలంటే ఇదే. చవక, బ్రేక్ పంపుతుంది, లినక్స్‌లో సీపీ210ఎక్స్, బీఎస్‌డీల్లో యూఎస్ఎల్‌కామ్ డ్రైవర్లు పాతబడి స్థిరపడ్డాయి. దీని గడియారం చిప్ లోపలే ఉంటుంది, విడిగా క్రిస్టల్ లేదు, కిందపడి పాడయ్యే భాగం ఒకటి తక్కువ. చిప్ పిన్నులు 3.3 వోల్టుల మీదే నడుస్తాయి, అంటే జంపర్ తప్పుగా పెట్టి రాస్‌బెర్రీ పై బోర్డుని కాల్చేసే అవకాశం తక్కువ. లోపం ఒకటుంది: 1 మెగాబాడ్ దాటదు. రాక్‌చిప్ బోర్డుల్లో చాలావాటి యూ-బూట్ (కెర్నెల్‌ని ఎక్కించే ప్రోగ్రామ్) 15,00,000 బాడ్ మీద మాట్లాడుతుంది. అక్కడ సీపీ2102 పెడితే తెర నిండా పిచ్చి గీతలే. అలాంటి బోర్డు ఉన్నవాళ్లు ఎఫ్‌టీ232 తీసుకోవాలి, లేదా ఇదే కంపెనీ తర్వాత తెచ్చిన సీపీ2102ఎన్ వెతుక్కోవాలి. చివర ఆ ఎన్ ఉందో లేదో చిప్ మీద భూతద్దం పెట్టి చూడాల్సిందే.

ఏ ముక్కైనా చేతికి రాగానే బోర్డుకి తగిలించకండి. ముందు మల్టీమీటర్ తీసి ఎర్ర మొన టీఎక్స్ (పంపే పిన్ను) మీద, నల్ల మొన గ్రౌండ్ మీద పెట్టండి. సీరియల్ తీగ ఖాళీగా ఉన్నప్పుడు పై స్థాయిలోనే నిలబడుతుంది కాబట్టి మామూలు డీసీ కొలతకే దొరుకుతుంది. 3.3 దగ్గర చూపిస్తే మంచిది. 5 దగ్గర చూపిస్తే ఆ ముక్క రాస్‌బెర్రీ పై బోర్డుకి పనికిరాదు, దాని మీద ఏమని అచ్చేసినా సరే. సీహెచ్340 మాడ్యూళ్లలో 3.3-5 అని జంపర్ ఉన్నా కొన్నిటిలో అది బయటికిచ్చే కరెంటు పిన్నుని మాత్రమే మారుస్తుంది, టీఎక్స్ స్థాయిని ముట్టుకోదు. రెండో పరీక్ష లూప్‌బ్యాక్. ముక్క సొంత టీఎక్స్, ఆర్‌ఎక్స్ (అందుకునేది) పిన్నులని ఒక జంపర్ తీగతో కలిపి టెర్మినల్‌లో టైప్ చేస్తే కొట్టిన అక్షరం ఒక్కసారి కనబడాలి. తీగ పీకితే ఆగిపోవాలి. పీకినా కనబడుతోందంటే అది టెర్మినల్ ప్రోగ్రామ్ చూపిస్తున్న లోకల్ ఎకో, పరీక్ష చెల్లదు.

రాస్‌బెర్రీ పై బోర్డుకి మూడే తీగలు. 6వ పిన్ను గ్రౌండ్, 8వ పిన్ను బోర్డు టీఎక్స్, 10వ పిన్ను బోర్డు ఆర్‌ఎక్స్. ముక్క టీఎక్స్ 10కి, ముక్క ఆర్‌ఎక్స్ 8కి, అడ్డంగా. ముక్క మీదున్న 5 వోల్టుల పిన్నుని అలాగే వదిలెయ్యండి. బోర్డుకి దాని అడాప్టర్ ఉండగా ఇది కూడా కలిపితే రెండు సరఫరాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గ్రౌండ్ తీగ అన్నిటికంటే ముందు తగిలించాలి, అన్నిటికంటే ఆఖర్న పీకాలి. మన దగ్గర పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా లోపల ఎర్త్ తీగ లేకపోవడం మామూలే, లాప్‌టాప్ అంచు ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఆ జివ్వుమనేది గ్రౌండ్ కలవకముందే సిగ్నల్ పిన్ను గుండా దారి వెతుక్కుంటే పోయేది చిప్పే. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే ఇంకా నిశ్చింత.

బోర్డుకి కరెంటు తీసేసినా దాని ఎర్ర లైట్ మసగ్గా వెలుగుతూ ఉంటే దయ్యం ఏమీ కాదు. ముక్క టీఎక్స్ ఎప్పుడూ పై స్థాయిలో ఉంటుందని పైన చెప్పుకున్నాం కదా, ఆ 3.3 వోల్టులు బోర్డు చిప్ ఆర్‌ఎక్స్ పిన్ను లోపలున్న రక్షణ డయోడ్ గుండా చొరబడి చిప్‌ని సగం నిద్రలో ఉంచుతాయి. కరెంటు తిరిగి ఇచ్చినప్పుడు రీసెట్ సరిగ్గా జరగక బోర్డు బూట్ అవకపోవచ్చు. వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా "బోర్డు చచ్చిపోయింది" అనిపించే సంఘటనల్లో కొన్ని ఇవే. టీఎక్స్ తీగలో వరసగా 1 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే చొరబాటు బాగా తగ్గుతుంది, 115200 దగ్గర సిగ్నల్‌కి ఏ ఇబ్బందీ రాదు.

రాస్‌బెర్రీ పై లోపల కాన్ఫిగ్ ఫైల్‌లో ఎనేబుల్_యూఆర్ట్=1 అన్న వరుస ఉండాలి. రాస్‌బెర్రీ పై 3లో సీరియల్ తీగని నడిపే అసలైన భాగం పీఎల్011 యూఆర్ట్‌ని బ్లూటూత్‌కి ఇచ్చేసి, పిన్నుల మీద మినీ యూఆర్ట్ పెట్టారు. దాని బాడ్ రేటు కోర్ గడియారాన్ని బట్టి మారుతుంది. పైన చెప్పిన వరుస ఆ గడియారాన్ని కట్టేస్తుంది కాబట్టే లాగ్ చదవగలుగుతున్నాం. బ్లూటూత్ అక్కర్లేకపోతే డిజేబుల్-బీటీ ఓవర్‌లే పెట్టి పీఎల్011నే పిన్నుల మీదకి తెచ్చుకోండి. కెర్నెల్ డీబగ్‌కి అదే సరైన దారి.

ఇక లాప్‌టాప్ వైపు. "పర్మిషన్ డినైడ్" అంటే డెబియన్, ఉబుంటుల్లో డయలౌట్ గుంపులో, ఆర్చ్‌లో యూయూసీపీ గుంపులో, ఫ్రీబీఎస్‌డీలో డయలర్ గుంపులో చేరాలి. చేరాక లాగౌట్ అయి మళ్లీ రావాలి. చ్‌మాడ్ 666 కొట్టి పని కానిచ్చేవాళ్లు ముక్క పీకి గుచ్చిన ప్రతిసారీ అదే కొట్టుకుంటూ ఉండాలి. మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి ఒక సొంత శాపం ఉంది: లాగ్ వస్తుంది గానీ టైప్ చేస్తే ఏమీ పోదు. దాని అమరికలో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ మొదటినుంచీ "అవును" అని ఉంటుంది. మూడు తీగల్లో "పంపొచ్చు" అని చెప్పే సీటీఎస్ తీగ లేదు కాబట్టి అది అనుమతి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. "కాదు" చేసి సేవ్ చేసుకోండి. ఇవేవీ వద్దనుకుంటే పికోకామ్ హాయి. బీఎస్‌డీల్లో సీయూ ఉండనే ఉంది. బయటికి రావడానికి కొత్త వరసలో టిల్డె, చుక్క. ఎస్ఎస్‌హెచ్ లోంచి సీయూ నడుపుతుంటే టిల్డె రెండుసార్లు కొట్టాలి, లేకపోతే సీయూకి బదులు ఎస్ఎస్‌హెచ్ తెగుతుంది.

సొంత ప్రోగ్రామ్ రాసేటప్పుడు వచ్చే ప్రశ్నలు ఈ ముక్కల చుట్టూనే ఎక్కువ. నింద ముక్క మీద పడుతుంది, తప్పు మాత్రం టెర్మియోస్ (పోర్టు అమరికలు ఉండే చోటు) దగ్గర ఉంటుంది.

ఓపెన్ పిలుపే తిరిగి రావడం లేదన్నది మొదటిది. బీఎస్‌డీలో టీటీవైయూ0 తెరిస్తే అవతల మోడెమ్ ఉందని చెప్పే క్యారియర్ సిగ్నల్ వచ్చేదాకా అది ఆగుతుంది. మూడు తీగల ముక్కలో క్యారియర్ తీగే లేదు, కాబట్టి ఎప్పటికీ రాదు. సీయూఏయూ0 తెరవాలి, పేరులో ఆ తేడా పెట్టిందే ఇందుకు. లినక్స్‌లో అలాంటి జంట పేర్లు లేవు. యూఎస్‌బీ సీరియల్ పోర్టుకి క్యారియర్ సంగతి పట్టించుకోవద్దనే సీలోకల్ జెండా మొదట్లో పెట్టే ఉంటుంది కాబట్టి మామూలుగా ఆగదు, కానీ అంతకుముందు నడిచిన ప్రోగ్రామ్ ఏదైనా ఆ జెండా తీసేసి ఉంటే ఆగుతుంది. అందుకని ఓ_నాన్‌బ్లాక్‌తో తెరిచి, సీలోకల్ పెట్టి, తర్వాత ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో నాన్‌బ్లాక్ తీసెయ్యడం ఎక్కడైనా నిలబడే పద్ధతి. ఓ_నోసీటీటీవై కూడా చేర్చండి. లేకపోతే లినక్స్‌లో, నియంత్రణ టెర్మినల్ లేని సెషన్ లీడర్ అయిన డీమన్‌కి (వెనక నడిచే ప్రోగ్రామ్) ఈ పోర్టే నియంత్రణ టెర్మినల్ అయి కూర్చుంటుంది. అప్పుడు తీగ మీద 3 అనే బైట్ వస్తే చాలు, ఆగమనే ఎస్ఐజీఐఎన్‌టీ సిగ్నల్ తగిలి డీమన్ పోతుంది.

క్యాట్‌తో పోర్టు చదువుతుంటే లాగిన్ ప్రాంప్ట్ దగ్గర తనంతట తానే పిచ్చి పేర్లు కొట్టుకుంటోందని ఇంకొకటి. పోర్టు తెరిచినప్పుడు ఎకో జెండా పెట్టే ఉంటుంది. బోర్డు పంపిన ప్రతి అక్షరాన్నీ లాప్‌టాప్ కెర్నెల్ బోర్డుకే తిప్పి పంపుతుంది, బోర్డు దాన్ని యూజర్ పేరనుకుంటుంది, "తప్పు" అంటుంది, అది కూడా తిరిగి పోతుంది. యూ-బూట్ దగ్గరైతే ఇంకా విడ్డూరం: ఆ తిరుగు అక్షరాన్ని "ఏదో కీ నొక్కారు" అనుకుని ఆటోబూట్ ఆపేస్తుంది. సీఎఫ్‌మేక్‌రా పిలిస్తే ఎకో, వరస కూర్పు, సిగ్నళ్లు అన్నీ పోతాయి. 13ని 10గా మార్చే ఐసీఆర్ఎన్ఎల్, 17, 19 బైట్లని మింగేసే ఐఎక్స్ఆన్ కూడా పోతాయి. ఫైల్ పంపినప్పుడు అక్కడక్కడా బైట్లు తగ్గుతున్నాయంటే ముందు చూడాల్సింది ఈ రెండిటినే. సీఆర్‌టీఎస్‌సీటీఎస్‌ని మాత్రం సీఎఫ్‌మేక్‌రా ముట్టుకోదు, దాన్ని చేత్తో తియ్యాలి.

టీసీసెట్ఏటీటీఆర్ సున్నా ఇచ్చింది కదా అని నమ్మొద్దు. అడిగిన మార్పుల్లో ఒక్కటి అమలైనా అది "సరే" అంటుంది, పోజిక్స్ నియమమే అంత. వెనక్కి టీసీగెట్ఏటీటీఆర్‌తో చదివి పోల్చాలి. బాడ్ రేటు దగ్గర ఇంకో గుంట. బీఎస్‌డీల్లో బీ115200 అంటే అచ్చంగా 115200 అనే అంకె. లినక్స్‌లో జీలిబ్‌సీ 2.42కి ముందు దాని విలువ 4098. బీఎస్‌డీలో రాసిన కోడులో సీఎఫ్‌సెట్ఓస్పీడ్‌కి ముడి అంకె ఇచ్చి, ఆ కోడునే పాత లినక్స్‌కి తెస్తే ఈఇన్వాల్ అనే తప్పు వస్తుంది. ఫలితం చూడనివాడికి 9600 మీదే పోర్టు నడుస్తూ ఉంటుంది.

రీడ్ ఎంతసేపు ఆగాలన్నది వీమిన్, వీటైమ్ చూసుకుంటాయి. వీటైమ్ లెక్క సెకనులో పదో వంతు, ఒక బైట్‌లో పట్టాలి కాబట్టి 25.5 సెకన్లు దాటదు. వీమిన్ 0, వీటైమ్ 10 అంటే ఒక సెకను చూసి, ఏమీ రాకపోతే సున్నా ఇస్తుంది. వీమిన్ 1 చేసి వీటైమ్ పెడితే మొదటి బైట్ వచ్చేదాకా గడియారం మొదలే కాదు. అది బైట్ల మధ్య ఎడం కొలిచే గడియారం, చాలామంది దీన్ని మొత్తం గడువు అనుకుంటారు. మొదటి పద్ధతిలో ఉన్న గోతి ముక్క పీకేసినప్పుడు బయటపడుతుంది. హ్యాంగప్ అయిన టీటీవై మీద లినక్స్ రీడ్ కూడా సున్నాయే ఇస్తుంది, ఆగకుండా ఇస్తుంది. "గడువు అయింది, మళ్లీ చదువు" అని తిరిగే లూప్ సీపీయూని 100 శాతం తినేస్తుంది, ఫ్యాన్ మోత విన్నాక గానీ తెలియదు. పోల్ పెట్టి పోల్‌హప్ చూడటమే మందు. పాత ఫైల్ డిస్క్రిప్టర్ మూయకపోతే, మళ్లీ గుచ్చిన ముక్క టీటీవైయూఎస్‌బీ1 అయి వస్తుంది. అదీ ఇందుకే.

ఇప్పుడు అసలు పని, కెర్నెల్ డీబగ్గర్. పరీక్షించే బోర్డు కెర్నెల్‌ని కేజీడీబీతో (కెర్నెల్ లోపలి డీబగ్గర్) కట్టి, బూట్ వరుసలో కేజీడీబీఓసీకి బోర్డు సొంత యూఆర్ట్ పేరు, 115200 ఇవ్వాలి. కెర్నెల్ చిరునామాలు కలగాపులగం చెయ్యొద్దనే నోకేఏఎస్ఎల్ఆర్ చేర్చకపోతే జీడీబీ చూపే చిరునామాలకీ బోర్డులో ఉన్నవాటికీ పొంతన ఉండదు. తర్వాత టెర్మినల్ ప్రోగ్రామ్ మూసెయ్యాలి, ఒకే పోర్టుని ఇద్దరు చదివితే బైట్లు ఇద్దరికీ చెరిసగం. జీడీబీలో వీఎమ్‌లినక్స్ ఫైల్ ఇచ్చి, సీరియల్ బాడ్ 115200 పెట్టి, టార్గెట్ రిమోట్‌కి టీటీవైయూఎస్‌బీ0 చూపిస్తే చేతికి వస్తుంది. ఆ వీఎమ్‌లినక్స్ బోర్డు మీద నడుస్తున్న కట్టుదే అయి ఉండాలి, నిన్నటిది కాదు.

లాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు లేదు, దానికే ఈ ముక్క గుచ్చి ఆ లాప్‌టాప్ కెర్నెల్‌నే డీబగ్ చెయ్యొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. కుదరదు. కేజీడీబీ నడిచేటప్పుడు కెర్నెల్ మొత్తం ఆగి ఉంటుంది, ఇంటరప్ట్‌లు లేవు. అలాంటప్పుడు ఒక్కో అక్షరాన్ని పోలింగ్‌తో పంపి, తీసుకోగల డ్రైవర్ కావాలి. యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్లలో ఆ పిలుపులు లేవు, వాటి కింద యూఎస్‌బీ వ్యవస్థ అంతా బతికి ఉంటేనే ఒక బైట్ కదులుతుంది. యూఎస్‌బీ సీరియల్ మీద కన్సోల్ పెట్టే ఎంపిక కెర్నెల్‌లో ఉంది, కానీ అది యూఎస్‌బీ లేచాకే మాట్లాడుతుంది. ముందు జరిగిన బూట్ గొడవ సూటిగా కనబడదు, పానిక్ చివరి వరసలు వస్తాయన్న భరోసా లేదు. అలాంటి లాప్‌టాప్‌కి నెట్‌కన్సోల్ (లాగ్‌ని నెట్‌వర్క్ మీద పంపేది), పీస్టోర్ (పానిక్ లాగ్‌ని రీబూట్ తర్వాతికి దాచేది) చూసుకోవాలి. మరో ముక్క కొనడం వృథా. ఈ ముక్క స్థానం ఎప్పుడూ చూసే వైపే, చూడబడే వైపు కాదు.

నడుస్తున్న బోర్డుని ఆపడానికి రెండు దారులు. షెల్ పలుకుతుంటే కెర్నెల్‌కి నేరుగా ఆజ్ఞ ఇచ్చే సిస్ఆర్‌క్యూ-ట్రిగర్ ఫైల్‌లో రూట్‌గా జీ అక్షరం రాస్తే చాలు. షెల్ కూడా బిగుసుకుపోతే బ్రేక్, ఆ తర్వాత 5 సెకన్లలోపు జీ. ఇక్కడే డెబియన్‌వాళ్లు చతికిలపడతారు: వాళ్ల కెర్నెల్.సిస్ఆర్‌క్యూ విలువ 438 ఉంటుంది, అది జీని ఒప్పుకోదు. 1 చెయ్యాలి. పికోకామ్‌లో బ్రేక్ అంటే కంట్రోల్-ఏ, కంట్రోల్-బ్యాక్‌స్లాష్. మినీకామ్‌లో కంట్రోల్-ఏ, ఎఫ్. సీయూలో టిల్డె, హాష్.

ఓపెన్‌బీఎస్‌డీలో డీడీబీ అనే కెర్నెల్ డీబగ్గర్ మామూలు కెర్నెల్‌లోనే ఉంది, డీడీబీ.కన్సోల్=1 ఒక్కటే కావాలి. దాన్ని నడుస్తున్న వ్యవస్థలో మార్చబోతే సెక్యూర్‌లెవెల్ అడ్డుపడుతుంది, సిస్‌సీటీఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి రీబూట్ చెయ్యాలి. ఫ్రీబీఎస్‌డీ విడుదలల్లో డీడీబీ ఉండదు, కెర్నెల్ కట్టుకోవాలి. బ్రేక్ రాని ముక్క ఉన్నవాళ్లకి అక్కడ ఒక వెసులుబాటు: ఆల్ట్-బ్రేక్ పెట్టుకుంటే ఎంటర్, టిల్డె, కంట్రోల్-బీ అన్న వరస బ్రేక్ పని చేస్తుంది. సీయూలోంచి కొట్టేవాళ్లకి మొదటి టిల్డెని సీయూ తినేస్తుంది, రెండు కొట్టాలి. బ్రేక్ అసలు రాని సీహెచ్340తోనే గడిపెయ్యాలనుకునేవాళ్లకి ఈ ఒక్క చోట దారి ఉంది, లినక్స్‌లో లేదు.

తీగల గురించి కూడా ఒక మాట. ఆడ-ఆడ జంపర్ తీగల కట్ట చవగ్గా వస్తుంది, అంత చవగ్గానూ పోతుంది. కళింగపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో లోపలి రేకు నల్లబడి పట్టు వదులుతుంది. బాడ్ సరిగ్గా ఉండి కూడా అప్పుడప్పుడూ అక్షరాలు ఎగిరిపోతుంటే కోడు వెతక్కుండా ముందు తీగ మార్చండి. బాడ్ తప్పైతే అన్ని అక్షరాలూ పిచ్చిగా వస్తాయి, అప్పుడప్పుడూ కాదు. రెండు కొసల గడియారాల మధ్య తేడా ఒక 2 శాతం వరకు ఇబ్బంది లేదు. ఒక అక్షరానికి 10 బిట్లు, మధ్యలో చూసే పద్ధతి కాబట్టి ఆఖరి బిట్ దగ్గరికి వచ్చేసరికి సగం బిట్ జారితేనే తప్పు పడుతుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించినవాళ్లు వాపసు గడువు ముగిసేలోపు బ్రేక్ పరీక్ష చేసేయండి. రాస్‌బెర్రీ పై బోర్డు సీరియల్ కన్సోల్ మీద ఉండగా సిస్ఆర్‌క్యూ విలువ 1 చేసి, టెర్మినల్ లోంచి బ్రేక్ పంపి వెంటనే హెచ్ కొట్టండి. కెర్నెల్ సిస్ఆర్‌క్యూ సాయం వరస అచ్చేస్తే ముక్క మంచిది. హెచ్ అక్షరం మాత్రమే లాగిన్ దగ్గర కనబడితే బ్రేక్ పోలేదు. మూడుసార్లు చూసి, వేరే తీగతో ఇంకోసారి చూసి, అప్పటికీ అంతే అయితే పెట్టెలో పెట్టి వెనక్కి పంపేయండి.